ఫ్లెక్సీలో మా మావయ్యకి రెండో రెక్క అతికించారు: ఎయిర్‌ఫోర్స్ బ్యాడ్జీల సంగతి తెలిసినవాళ్లు చెప్పండి

ఆమదాలవలస_అబ్బాయి
అందరికీ నమస్కారం. ఈ విభాగం సరైనదో కాదో తెలీదు. కాకపోతే నిర్వాహకులు వేరేచోటికి మార్చండి.

మా అక్క కొడుక్కి దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో వింగ్స్ (పైలట్ రెక్కల బ్యాడ్జీ) వచ్చాయి. మా ఊరి నుంచి ఫ్లయింగ్ ఆఫీసర్ అయినవాడు వీడే మొదలు. ఊరంతా ఒకటే సందడి. ఊరి మొదట్లో ఒక ఫ్లెక్సీ, స్టేషన్ రోడ్డులో ఒక ఫ్లెక్సీ వేయించాం. వాడి పక్కన మా మేనమామ ఫొటో కూడా పెట్టించాం. మా ఇంట్లో ఎయిర్‌ఫోర్స్ గడప ముందు తొక్కింది ఆయనే. ఏఎన్-12 రవాణా విమానాల్లో సిగ్నలర్‌గా (రేడియో చూసుకునే మనిషి) చేసి వారంట్ ఆఫీసర్‌గా రిటైర్ అయ్యారు.

ఆయన పాత ఫొటోలో ఎడమ జేబు పైన ఒకటే రెక్క ఉంటుంది. మొదట్లో గుండ్రటి చిన్న దండ, దాని లోపల ఎస్ అక్షరం, అక్కడి నుంచి పక్కకి సాగిన రెక్క. ఫ్లెక్సీ చేసిన కుర్రాడు ఫొటో పాతది కదా, రెండో రెక్క చెరిగిపోయి ఉంటుందనుకున్నాడు. ఉన్నదాన్నే తిప్పి అటుపక్క అతికించేశాడు. మేనల్లుడి ఫొటోకి జోడీగా కుదిరింది కూడా. మేమూ బాగుందనే అనుకున్నాం.

మావయ్య పలాస నుంచి వచ్చి బస్సు దిగి ఆ ఫ్లెక్సీ చూశారు. ఇంటికి రాలేదు, భోజనాలకీ కూర్చోలేదు. వచ్చిన దారినే వెళ్లిపోయారు. ఫోన్ చేస్తే అత్తయ్య ఎత్తి, "మీ మావయ్యని దొంగని చేసి రోడ్డు మీద నిలబెట్టారట్రా" అంది.

ఒక రెక్క ఎక్కువ పెడితే గౌరవం పెరగాలి గానీ తగ్గుతుందేటి? నిజంగా అర్థం కాక అడుగుతున్నాను.

ఫ్లెక్సీ_కింగ్
అన్నా, ఆ కుర్రాడు నేను కాదు, ముందే చెప్పేస్తున్నా. కానీ మా పని గురించి ఒక మాట. కస్టమర్ వాట్సాప్‌లో అగ్గిపెట్టంత ఫొటో పంపుతాడు, రాత్రికి ఎనిమిది బై పది కావాలంటాడు. సగం ముఖం మేమే గీసుకోవాలి. బట్టతలకి జుట్టు పెట్టమంటారు, చొక్కా రంగు మార్చమంటారు. విరిగిన రెక్క కనిపిస్తే అతికించడం మాకు అలవాటు, అందులో చెడ్డ ఉద్దేశం ఏమీ ఉండదు.

రిటైర్డ్_ఫిట్టర్ (విజయనగరం)
బాబూ, నేను ఎయిర్‌ఫోర్స్‌లో ఇంజిన్ ఫిట్టర్‌గా చేసినవాణ్ని. నాకు ఏ రెక్కా లేదు, అర రెక్క కూడా లేదు. కాబట్టి ఇందులో నాకు సొంత గొప్ప ఏమీ లేదని ముందు గమనించు.

రెండు రెక్కలు అంటే పైలట్. ఒకే రెక్క అంటే విమానంలో పైలట్ కాని సిబ్బంది. ఆ రెక్క మొదట్లో ఉండే అక్షరం అతని పనేమిటో చెబుతుంది. ఎస్ అంటే సిగ్నలర్. మీ మావయ్య ఫొటోలో చెరిగిపోయింది ఏమీ లేదు. అది పూర్తి బ్యాడ్జీ.

ఇప్పుడు మీరు చేసింది చూడు. సిగ్నలర్ ఛాతీ మీద పైలట్ గుర్తు పెట్టారు. ఆయన అడిగాడా? లేదు. కానీ రోడ్డు మీద పోయే పాత ఎయిర్‌ఫోర్స్ వాడెవడైనా దాన్ని చూసి ఏమనుకుంటాడు? "ఈయన సిగ్నలర్ కదా, పైలట్‌నని చెప్పుకుంటున్నాడా ఊళ్లో" అనుకుంటాడు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఫౌజుకి వెళ్లొచ్చినవాళ్లు వీధికొకరు ఉన్నారు. మీ మావయ్యకి వచ్చిన భయం అదే. సర్వీసులో తనది కాని బ్యాడ్జీ పెట్టుకోవడం కంటే సిగ్గుచేటు పని ఇంకోటి లేదు. తాగి పడిపోయినవాణ్ని క్షమిస్తారు గానీ వీణ్ని క్షమించరు.

సింహాచలం_చిన్నోడు
అంటే లారీకి డ్రైవర్, క్లీనర్ లాగా అన్నమాట. డ్రైవర్‌కి రెండు, క్లీనర్‌కి ఒకటి. 😄

రిటైర్డ్_ఫిట్టర్
> అంటే లారీకి డ్రైవర్, క్లీనర్ లాగా

నవ్వు సరే గానీ, ఆ ఏఎన్-12 ఏం చేసేదో తెలుసా? 1961 నుంచి మన దగ్గర ఉంది. చండీగఢ్‌లో లేచి మంచు కొండల మీదుగా లేహ్‌కి సరుకు, జవాన్లను మోసేది. ఇప్పటిలా ఉపగ్రహాలు లేవు. ముందున్న కొండల మీద వాతావరణం ఏమిటో, దిగే చోట మేఘం ఎంత కిందికి ఉందో చెవికి హెడ్‌ఫోన్ పెట్టుకుని గరగరల మధ్య పట్టుకోవాల్సింది సిగ్నలరే. అతను తప్పు వింటే పైలట్ ఎంత గొప్పవాడైనా కొండకే. 1968 ఫిబ్రవరి 7న అలాంటి ఒక విమానం రోహ్‌తంగ్ ప్రాంతంలో పడింది, లోపల 102 మంది. 2024లో కూడా మంచులోంచి నాలుగు దేహాలు దొరికాయి. అక్కడ పైలట్, సిగ్నలర్ అని మంచు వేరు చేసి చూడలేదు.

క్లీనర్ అన్నావు చూడు, ఆ మాట ఈ అబ్బాయి మావయ్య ముందు అనకు.

సింహాచలం_చిన్నోడు
సారీ గురువుగారు. సరదాకి అన్నాను.

కోరుకొండ_పాతవిద్యార్థి
ఫిట్టర్ గారు చెప్పింది అక్షరాలా నిజం. దీనికి వెనక కొంత చరిత్ర ఉంది, చెప్తాను. (మా సైనిక్ స్కూల్లో చదివినవాళ్లకి ఈ పిచ్చి ఒకటి పోదు.)

బ్రిటన్‌లో రాయల్ ఫ్లయింగ్ కోర్ పైలట్లకి రెండు రెక్కల బ్యాడ్జీ 1913లో వచ్చింది. అప్పటికి విమానంలో రెండో మనిషికి ఏ గుర్తూ లేదు. యుద్ధం మొదలయ్యాక, శత్రువు ఫిరంగులు ఎక్కడున్నాయో పై నుంచి చూసి చెప్పే అబ్జర్వర్లు పైలట్లతో సమానంగా చచ్చిపోతుంటే, 1915లో వాళ్లకి ఇంగ్లీషు 'ఓ' (O) అక్షరానికి ఒక రెక్క అతికించి ఇచ్చారు. ఒంటి రెక్క అక్కడ పుట్టింది. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబర్లు పెద్దవయ్యాయి, ఒక్కో విమానంలో ఏడుగురు కూర్చునేవారు. అక్షరాలూ పెరిగాయి. గన్నర్‌కి ఏజీ, నావిగేటర్‌కి ఎన్, బాంబు గురి చూసేవాడికి బి, ఇంజనీర్‌కి ఇ, తర్వాత సిగ్నలర్‌కి ఎస్.

ఇక్కడ ఒక తమాషా. 1942లో ఆ 'ఓ' బ్యాడ్జీని ఆపేసి నావిగేటర్లకి ఎన్ ఇచ్చారు. పాత అబ్జర్వర్లు మాత్రం 'ఓ' తీసేది లేదన్నారు. కొత్త నావిగేటర్ చేసే పనికంటే ఎక్కువే నేర్చుకున్నాం, ఆ అక్షరం మాది అని. చివరికి ముందే అర్హత పొందినవాళ్లు దాన్నే పెట్టుకోవచ్చని ఒప్పుకున్నారు. అంటే గుడ్డ మీద ఒక్క అక్షరం మార్చమంటేనే అంత పట్టుదల పట్టినవాళ్లున్నారు. మీ మావయ్యకి ఏకంగా రెక్కే మార్చేశారు.

మన వాయుసేన 1932 అక్టోబర్ 8న పుట్టింది బ్రిటిష్ పద్ధతిలోనే కాబట్టి ఈ ఆచారాలన్నీ అలాగే వచ్చాయి.

సింహాచలం_చిన్నోడు
అదే నేనడిగేది. ఇదంతా తెల్లవాడు వదిలేసి పోయిన మోజు కాదా? మన నేవీ 2022లో జెండా మీద సెయింట్ జార్జ్ శిలువ తీసేసింది. మరి ఈ రెక్కలు, అక్షరాలు ఎందుకు?

కోరుకొండ_పాతవిద్యార్థి
కొంత తీసేశారు. 1950లో గణతంత్రం అయ్యాక పేరు ముందు రాయల్ పోయింది, గుర్తుల మీద కిరీటం పోయి అశోకుడి సింహాలు వచ్చాయి. రెక్క మాత్రం ఏ దేశం సొత్తూ కాదు. రష్యాలో ఉంది, అమెరికాలో ఉంది. ఎగిరేవాడికి రెక్క కాక ఇంకేం పెడతారు, తాటాకా?

లా_పాయింట్ (విజయనగరం కోర్టు)
అడగకపోయినా చెప్తున్నా, రేపు ఎవరో ఒకరు అడుగుతారు.

సైనికుడు కానివాడు సైనికుడినని నమ్మించాలనే ఉద్దేశంతో ఆ దుస్తులు గానీ గుర్తు గానీ ధరిస్తే నేరం. పాత ఐపీసీలో 140, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 168. మూడు నెలల వరకు జైలు లేదా 2,000 రూపాయల వరకు జరిమానా లేదా రెండూ. గట్టిగా పట్టుకోవాల్సిన ముక్క 'ఉద్దేశంతో'. పిల్లల ఫ్యాన్సీ డ్రెస్, స్టేజీ నాటకం దీని కిందికి రావు. ఫ్లెక్సీ కుర్రాడి తెలివితక్కువ పని కూడా రాదు. టోల్‌గేట్ దగ్గర రెక్కల బ్యాడ్జీ చూపించి కారు పోనివ్వమనేవాడు మాత్రం వస్తాడు. అలాంటివాళ్లు ఉన్నారు.

ఆమదాలవలస_అబ్బాయి
అందరికీ థ్యాంక్స్. ఇంత ఉందని తెలీదు. ఫ్లెక్సీ రాత్రికే దింపించేశాను. ఇంకో సందేహం. రెండో ఫ్లెక్సీలో మేనల్లుడి ఫొటో చూస్తే వాడి వింగ్స్ కుడివైపు ఉన్నాయి! ఒరిజినల్‌లో ఎడమవైపే ఉన్నాయి. ఇది కూడా తప్పేనా?

ఫ్లెక్సీ_కింగ్
ఫ్లిప్ చేశారు అన్నా. మా ఫీల్డ్‌లో అది మామూలే. ఫ్లెక్సీలో పక్క ఫొటోలన్నీ మధ్యలో ఉన్న పెద్దాయన వైపు చూడాలి. బయటికి చూస్తే నాయకులు ఒప్పుకోరు. అందుకని ముఖం తిప్పేస్తాం. చొక్కా జేబు కుడివైపు వస్తే ఎవడూ పట్టించుకోడు. ఈ మిలిటరీ వాళ్లతోనే ఈ గొడవ.

రిటైర్డ్_ఫిట్టర్
తప్పే. ఎగిరే సిబ్బంది రెక్క ఎడమ ఛాతీ మీద, జేబు పైన. మెడల్ రిబ్బన్లు ఉంటే వాటి పైన రెక్క, కింద రిబ్బన్లు. ఎన్ని మెడల్స్ వచ్చినా రెక్క మాత్రం అన్నిటికన్నా పైనే. కుడివైపు పేరు పలక. ఫొటో తిప్పితే పేరు అక్షరాలు తిరగబడి కనిపిస్తాయి, అది కూడా చూసుకోలేదా మీవాళ్లు?

ఫ్లెక్సీ_కింగ్
పేరు పలక బ్లర్ చేసేస్తాం సార్. 🙏

గజపతినగరం_రాధ
నేవీ సంగతి నేను చెప్తాను, మా ఆయన వైజాగ్‌లోని నేవీ విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగాలో చేశారు. మన నేవీలో కూడా రెక్కలు ఎడమ ఛాతీ మీదే, బంగారు రంగు. తెల్ల యూనిఫాం మీద అవి మెరుస్తుంటే చూడాలి. బ్రిటన్ నేవీలో అయితే పైలట్ రెక్కలు ఛాతీ మీద ఉండవట, ఎడమ చేతి మణికట్టు దగ్గర ర్యాంకు గీతల పైన కుడతారు. మన నేవీ వాళ్ల నుంచే పుట్టినా ఈ ఒక్కటి వేరుగా ఉంది.

2025 జులై 3న డేగాలోనే సబ్ లెఫ్టినెంట్ ఆస్థా పూనియాకి ఆ బంగారు రెక్కలు పెట్టారు. నేవీలో ఫైటర్ విభాగంలోకి వెళ్లిన మొదటి అమ్మాయి. మన వైజాగ్‌లో జరిగింది, భోగాపురం నుంచి గంట దారి. మన పేపర్లలో లోపలి పేజీలో వేశారు. 2019లో శివాంగి కొచ్చిలో నేవీ మొదటి మహిళా పైలట్ అయినప్పుడు మాత్రం అందరూ మొదటి పేజీలో వేశారు. ఫైటర్ కదా, దీనికింకా ఎక్కువ రావాల్సింది. నాకు ఇప్పటికీ కోపమే.

సింహాచలం_చిన్నోడు
మరి ధోనీకి రెక్కలున్నాయి కదా? ఆయన పైలటా?

కోరుకొండ_పాతవిద్యార్థి
అవి పారాచూట్ రెక్కలు. విమానం నడిపినందుకు కాదు, దూకినందుకు. టెరిటోరియల్ ఆర్మీలో గౌరవ లెఫ్టినెంట్ కల్నల్ హోదా ఇచ్చినా రెక్కలు ఊరికే ఇవ్వలేదు. 2015లో ఆగ్రాలో ఐదు జంప్‌లు చేసి తెచ్చుకున్నాడు. ఆర్మీలో వాటిని కుడివైపు పెట్టుకుంటారు. అందుకే ఫొటో తిప్పితే వచ్చే చిక్కు ఇంకా పెద్దది. ఎడమ రెక్క కుడికి పోతే తెలిసినవాడు 'ఇదేదో పారా బ్యాడ్జీలా ఉందే' అని తికమక పడతాడు.

2019 ప్రపంచ కప్‌లో ఆయన గ్లౌజు మీద ఉన్నది మళ్లీ వేరు. అది బలిదాన్ గుర్తు, పారా స్పెషల్ ఫోర్సెస్‌ది. ఐసీసీ తీసేయమంది. ఆ గొడవలో టీవీల్లో మాట్లాడినవాళ్లలో సగం మంది మూడు బ్యాడ్జీలనీ ఒకటే అనుకున్నారు.

మగ్గం_లక్ష్మి (విజయనగరం)
నేను మగ్గం వర్క్ చేస్తాను, బ్లౌజులకి. ఒకసారి మా వీధి రిటైర్డ్ ఎయిర్‌ఫోర్స్ పెద్దాయన ఒకరు పాత రెక్క తెచ్చి, అచ్చం అలాగే ఇంకొకటి చేయమన్నారు. పాతది నల్లబడిపోయింది. జరీ తీగ నల్లబడితే మళ్లీ తేరుకోదు.

దగ్గర పెట్టుకుని చూస్తే పని భలే ఉంది. కింద గుడ్డ మీద అట్టముక్క లాంటిది ఆకారానికి కోసి కుట్టారు, ఎత్తు రావడానికి. దాని మీద స్ప్రింగులా చుట్టిన జర్దోసీ తీగని చిన్న చిన్న ముక్కలు కోసి, పూసల్లా సూదికి ఎక్కించి, ఒక్కో ఈకకీ పక్కపక్కన పరిచారు. మనం నెమలి మెడకి వేసే కుట్టే అది. కానీ బ్లౌజు మీద నెమలి కాస్త వంకర పోయినా అందమే. దీంట్లో ఒక్క ఈక వంగినా ఆయన ఒప్పుకోలేదు. అక్షరం లావు నాలుగుసార్లు విప్పించారు. అక్షరం సన్నగా ఉంటే దూరం నుంచి కనిపించదంట. "రెక్కని ఎవడైనా చూస్తాడమ్మా, చూడాల్సింది అక్షరం" అన్నారు. ఆయన గన్నర్ అని చెప్పారు.

కాశీలో ఈ పని తరతరాలుగా చేసేవాళ్లున్నారని, విదేశీ సైన్యాలకి కూడా బ్యాడ్జీలు అక్కడి నుంచే కుట్టి పంపుతారని ఆయనే చెప్పారు. తర్వాత చూస్తే నిజమే.

ఆమదాలవలస_అబ్బాయి
లక్ష్మి గారూ, ఆ పెద్దాయన అన్నమాటే మా మావయ్యా అన్నారు, దాదాపుగా.

నిన్న పలాస వెళ్లాను. మొదట అరగంట మాట్లాడలేదు. అత్తయ్య కాఫీ ఇచ్చింది, జీడిపప్పు పెట్టింది, ఆయన పేపర్ చదువుతూ కూర్చున్నారు. ఫ్లెక్సీ దింపించేశానని చెప్పాక లోపలికి వెళ్లి లాగ్‌బుక్ తెచ్చారు. నీలం అట్ట, పొడుగు పుస్తకం. ప్రతి ప్రయాణానికీ ఒక వరస: తేదీ, విమానం నంబరు, పైలట్ పేరు, తన పని, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎన్ని గంటలు. నెలాఖరున పై అధికారి సంతకం. ప్రతి పేజీలోనూ పైలట్ గడిలో ఎవరిదో పేరు, 'పని' గడిలో మావయ్యది ఒకే మాట: సిగ్నలర్. ఏ పేజీ తిప్పినా అదే.

"ఈ పుస్తకంలో ఒక్కచోటైనా నేను పైలట్ గడిలో ఉన్నానా? నీ ఫ్లెక్సీ ఈ పుస్తకం అబద్ధం అంటోంది" అన్నారు.

ఇంకోటి కూడా చెప్పారు. ఆయన చేసిన పని ఇప్పుడు లేదట. రేడియోలు మెరుగై, పైలట్లే నేరుగా మాట్లాడుకోవడం వచ్చాక సిగ్నలర్ కుర్చీ తీసేశారట. "ఆ పని పోయింది, ఆ విమానం 1993లో పోయింది, నాతో పాటు చేసినవాళ్లు చాలామంది పోయారు. ఆ ఎస్ ఒక్కటి ఉంది. దాన్ని కూడా నువ్వు రెండు రెక్కల మధ్య ఇరికించేశావు" అన్నారు. నాకు నోట మాట రాలేదు.

రిటైర్డ్_ఫిట్టర్
మీ మావయ్యకి నా నమస్కారాలు చెప్పు. ఏ స్క్వాడ్రన్ (విమానాల దళం) అని అడగను, అడిగితే మా ఇద్దరి కబుర్లతో ఈ చర్చ ఆగిపోతుంది.

కోరుకొండ_పాతవిద్యార్థి
లాగ్‌బుక్ జాగ్రత్తగా దాచమనండి. దాన్ని మించిన సాక్ష్యం ఏదీ లేదు.

బ్యాడ్జీ ఉండటం ఎంత గొప్పో, అది లాగేసుకోవడం అంత ఘోరం. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ బాంబర్ దళంలో, ఇక ఎగరలేను, నా వల్ల కాదు అన్నవాళ్ల మీద ధైర్యం లేనివాడని ముద్ర వేసి రెక్క తీయించేసేవారు. అప్పటికే పదిహేను, ఇరవై రాత్రులు జర్మనీ మీదికి వెళ్లొచ్చినవాడైనా సరే. ఈ రోజు అయితే డాక్టర్ దగ్గరికి పంపుతారు. అప్పట్లో తోటివాళ్ల ముందే పరువు తీసేవారు. ఆ పద్ధతిని సమర్థించేవాళ్లని ఇప్పటికీ చూస్తాను, నేను మాత్రం ఒప్పుకోను. సంపాదించుకున్నది సంపాదించుకున్నదే.

గజపతినగరం_రాధ
అంత బరువెక్కించకండి సార్, సరదా ఆచారాలు కూడా చెప్పండి. అమెరికాలో మొదటి రెక్కలు విరిచేస్తారని విన్నాను, నిజమేనా?

కోరుకొండ_పాతవిద్యార్థి
నిజమే. అమెరికా వాయుసేనలో ఇదొక పాత నమ్మకం. శిక్షణ అయ్యాక వచ్చిన మొదటి లోహపు రెక్కలని రెండు ముక్కలు చేస్తారు. ఒక ముక్క పైలట్ దగ్గర, రెండోది భార్యకో తల్లికో ఇస్తారు. బతికున్నంత కాలం ఆ రెండూ కలవకూడదు. యూనిఫాం మీద పెట్టుకునేది వేరే జత.

అక్కడే చెడ్డ ఆచారం కూడా ఉండేది. కొత్తగా బ్యాడ్జీ వచ్చినవాడి ఛాతీ మీద పిన్నుల వైపు పెట్టి పిడికిలితో గుద్దడం. 1997లో మెరైన్ పారాచూటిస్టుల వీడియో ఒకటి టీవీలో వచ్చి పెద్ద రభస అయింది. ఆచారం అన్నదల్లా గొప్పది కాదు.

వాళ్ల దగ్గర రెక్క మీద మెట్లు కూడా ఉన్నాయి. మామూలు పైలట్‌కి ఉత్త రెక్కలు, కొన్నేళ్లూ గంటలూ నిండితే పైన నక్షత్రం, ఇంకా పెద్దవాడైతే నక్షత్రం చుట్టూ దండ.

ఇంకా అధికారికం కాని బ్యాడ్జీలున్నాయి, నాకు అవే ఎక్కువ ఇష్టం. ప్రాణం కాపాడుకోవడానికి పారాచూట్‌తో దూకినవాళ్లకి చిన్న బంగారు పట్టుపురుగు పిన్ను ఇచ్చే క్లబ్ 1922 నుంచి ఉంది. పారాచూట్ పట్టుతో చేసేవారు కదా, అందుకని. సముద్రంలో పడి రబ్బరు పడవ వల్ల బతికినవాళ్లకి 1942లో గోల్డ్‌ఫిష్ క్లబ్ పెట్టారు. రెక్కలున్న చేప, కింద రెండు అలలు. యూనిఫాం మీద అది పెట్టుకోవడానికి రూల్ ఒప్పుకోదు. అందుకని జేబు మూత లోపలివైపు కుట్టుకునేవారు. అడిగినవాడికి మూత ఎత్తి చూపించేవారు.

ప్రమాదంలో పైలట్‌ని విమానం బయటికి విసిరే ఎజెక్షన్ సీటుతో బయటపడ్డవాళ్లకి మార్టిన్ బేకర్ అనే బ్రిటిష్ కంపెనీ 1957 నుంచి ఒక టై ఇస్తోంది. షరతు ఒకటే, ఆ కంపెనీ సీటే అయ్యుండాలి. మన జాగ్వార్, హాక్, తేజస్‌లలో ఉన్నవి ఆ సీట్లే. మిగ్-21 లోంచి బయటపడ్డవాళ్లకి ఆ టై లేదు, అది రష్యా సీటు. మిగ్-21లు 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో రిటైర్ అయ్యాయి కూడా.

సింహాచలం_చిన్నోడు
అభినందన్‌కి టై రాలేదన్నమాట! 😮

కోరుకొండ_పాతవిద్యార్థి
మిగ్-21 కదా, రాదు. కానీ ఆయన స్క్వాడ్రన్ వాళ్లు 2019లో కొత్త ప్యాచ్ కుట్టించుకున్నారు, 'ఫాల్కన్ స్లేయర్స్' అని. ఇలాంటివి ఫ్లయింగ్ సూట్ చేతి మీద వెల్‌క్రోతో అతికించుకుంటారు, రేపు పీకేసి ఇంకోటి పెట్టుకోవచ్చు. రెక్కతో దాన్ని కలపకండి. ప్యాచ్ ఇప్పుడెక్కడ ఉన్నాడో చెబుతుంది, రెక్క ఏం నేర్చుకున్నాడో చెబుతుంది.

బొండపల్లి_బుల్లోడు
నేను ఇంటర్ రెండో సంవత్సరం. వింగ్స్ వచ్చేస్తే ఇక ట్రైనింగ్ అయిపోయినట్టేనా?

రిటైర్డ్_ఫిట్టర్
లేదు నాయనా. రెక్కలు వచ్చాక ఫైటర్‌కి ఎంపికైనవాడు బీదర్‌లో హాక్ విమానం మీద మళ్లీ నేర్చుకుంటాడు. ఆ తర్వాత స్క్వాడ్రన్‌కి పోయాక అక్కడ మళ్లీ మొదటి నుంచి. ముందు ఫిజిక్స్, లెక్కలు చూసుకో. కళ్లు జాగ్రత్త, రాత్రి రెండింటి దాకా ఫోన్ చూడకు.

ఆమదాలవలస_అబ్బాయి
ఒక డౌట్. రేపు మేనల్లుడి సన్మాన సభకి మావయ్య వస్తానన్నారు. ఆయన బ్యాడ్జీ కోటు మీద పెట్టుకోవచ్చా? లేక మా అన్నయ్య పెట్టుకుంటే బాగుంటుందా, ఆయన గుర్తుగా?

రిటైర్డ్_ఫిట్టర్
మెడల్స్ పెట్టుకోమను, అవి రిటైర్ అయినవాళ్లు సభల్లో సివిల్ డ్రెస్ మీద పెట్టుకుంటారు. రెక్క సంగతి ఆయనకే వదిలెయ్. మీ అన్నయ్య మాత్రం ముట్టుకోవద్దు.

కోరుకొండ_పాతవిద్యార్థి
ఆస్ట్రేలియా, బ్రిటన్‌లలో చనిపోయిన తండ్రి, తాతల మెడల్స్‌ని ఇంటివాళ్లు కుడివైపు పెట్టుకునే ఆచారం ఉంది. ఎడమవైపు ఉంటే నేను సంపాదించినవి, కుడివైపు ఉంటే మావాళ్లవి అని. అది మెడల్స్‌కి. రెక్క అలా వారసత్వంగా రాదు. పైగా మీ మావయ్య నిక్షేపంలా ఉన్నారు కదండీ!

ఆమదాలవలస_అబ్బాయి
అమ్మో, అవును. అన్నయ్యకి చెప్పేశాను. కొత్త ఫ్లెక్సీ కూడా ఆర్డర్ ఇచ్చాం, వేరే షాపులో. ప్రూఫ్ మావయ్యకి పంపి ఓకే అన్నాకే ప్రింట్. ఆయన అక్షరం ఇంకొంచెం లావు చేయమన్నారు.

గజపతినగరం_రాధ
ఫిట్టర్ గారూ, నాదొక ప్రశ్న. 2022లో వాయుసేనలో వెపన్ సిస్టమ్స్ అని కొత్త బ్రాంచి ప్రకటించారు. అందులో క్షిపణులు చూసేవాళ్లు, నేల మీద కూర్చుని డ్రోన్లు నడిపేవాళ్లు, సుఖోయ్ లాంటి విమానాల్లో వెనక సీటువాళ్లు అందరూ ఉన్నారు. వెనక సీటువాడికి రెక్క అంటే ఒప్పుకుంటాను. ఏసీ గదిలో కూర్చుని డ్రోన్ నడిపేవాడికీ రెక్క ఉండాలంటారా? అమెరికాలో వాళ్లకి వేరే రెక్కలు ఇచ్చారు.

సింహాచలం_చిన్నోడు
నేల మీద నుంచి కదలనివాడికి రెక్కేటండీ!

రిటైర్డ్_ఫిట్టర్
మా కాలంలో అయితే నేనూ ఇదే అనేవాణ్ని. ఇప్పుడు అలా అనలేను. విమానం ఆకాశంలో ఉంది, దాన్ని నడిపేది అతను, తప్పు చేస్తే పోయేది ప్రాణాలు. తన ప్రాణం కాదంతే. గుర్తు ఇవ్వాలి. కానీ పైలట్‌ది కాదు, దాని అక్షరం దానికి ఉండాలి.

గజపతినగరం_రాధ
నేను ఒప్పుకోను సార్. వాతావరణం పాడైతే ఆయన ఇంటికెళ్లి భోజనం చేస్తాడు. మా ఆయన డేగా నుంచి ఎగిరిన రోజుల్లో నేను మేఘం చూస్తే గుమ్మంలోంచి కదిలేదాన్ని కాదు. గుర్తు ఇవ్వనీయండి, రెక్క మాత్రం వద్దు.

రిటైర్డ్_ఫిట్టర్
ఆ మాట కాదనలేను తల్లీ. కానీ అబ్జర్వర్‌కి రెక్క ఇచ్చినప్పుడు కూడా పైలట్లు ఇలాగే గొణిగి ఉంటారు.